అల్లిన త్రాడు – అతికిన త్రాడు
(గాలపు దారములను గూర్చి ఒక పాఠము)

మైలాపూరు కపాలీశ్వరుని కోవెలనుండి తూర్పుగా నడచి శాంథోము దాటినచో సముద్రము కానవచ్చును. ఆ తీరమున నొచ్చికుప్పము, పట్టినపాక్కము మున్నగు జాలరి పల్లెలు కలవు. పడవల నడుమ రాశులుగా పడియుండు వలలను, దారపు చుట్టలను చూడని విద్యార్థి మనలో ఉండడు. కాని ఆ దారము దేనితో చేయబడినది, ఏల అట్లు చేయబడినది అని ఆలోచించినవారు తక్కువ. గాలము వేయువానికి ఇది చిన్న విషయము కాదు. దారము తెగినచో చేప పోవును, గాలము పోవును, ఆనాటి సంపాదనయు పోవును. కావున నేడు అంగళ్లలో అమ్ముడగుచున్న రెండు విధముల క్రొత్త దారముల గుణదోషములను ఈ పాఠమున విచారింతము.

1. ముందుగా నాలుగు మాటలు

త్రాటిని గూర్చి చెప్పుటకు మన తెలుగున చక్కని మాటలు కలవు. త్రాటిలోని అతి సన్నని భాగము పోగు. కొన్ని పోగులను చేర్చి మెలిపెట్టినచో అది పేట. ఆ మెలికకు పురి అని పేరు. రెండు మూడు పేటలను కలిపి ఎదురు పురి పెట్టుటను పేనుట అందురు. జడలోని ఒక్కొక్క భాగము పాయ. పాయలను ఒకదానిపై నొకటి దాటించుచు పోవుటయే అల్లుట. పేనిన త్రాటికి పురి విడిపోవు గుణము కలదు. అల్లిన త్రాటికి అది లేదు. ఈ మాటలు ఇంటిలో పెద్దలకు తెలిసినవే. పిల్లలు వీనిని మరువకుండుట మంచిది. తమిళ సోదరులు తూండిల్ అనునది మన గాలమే. రెండు మాటలును నేర్చినవానికి నష్టము లేదు. ఒకదానికై రెండవదానిని విడిచినవానికే నష్టము.

2. పాత దారములు

పూర్వము మన తీరమున ప్రత్తి నూలుతోను, జనపనారతోను దారములను పేనెడివారు. అవి తడిలో త్వరగా కుళ్లును. అందుచే వానిని చెట్ల బెరళ్ల కషాయములో నానవేసి, మాటిమాటికి ఎండబెట్టవలసి వచ్చెడిది. 1935వ సంవత్సరమున అమెరికాలో కరోథర్సు అను రసాయన శాస్త్రజ్ఞుని పరిశోధనశాలలో నైలాను పుట్టినది. అది కుళ్లదు. 1957లో కొచ్చినులో కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధనాలయము స్థాపింపబడిన తరువాత మన దేశమున నైలాను వలలను గూర్చిన పరిశోధనలు సాగినవి. క్రమముగా నూలు వలలు కనుమరుగైనవి. నేడు జాలరులు ఎక్కువగా వాడు గాలపు దారము ఒంటి పోగు నైలాను. ఇది నునుపైనది, చవుకైనది, నీటిలో అంతగా కనబడనిది. కాని ఇది నీరు పీల్చి కొంత బలము కోల్పోవును. గట్టిగా లాగినచో తెగుటకు ముందు నూటికి 15 నుండి 30 పాళ్ల వరకు సాగును. అందుచేత లోతున చేప ఎరను కొరికినను పైనున్న చేతికి ఆ కదలిక మందముగా తెలియును.

3. క్రొత్త పోగు

పాల సంచులకు వాడు పాలిఎథిలీను మనకు పరిచితమైనదే. దానిలోని అణువులు గొలుసుల వంటివి. ఆ గొలుసులు ఎంతో పొడవుగా ఉండునట్లు చేసి, ద్రావకములో కరిగించి, సన్నని రంధ్రములగుండ తీసి, మిక్కిలిగా సాగదీసినచో గొలుసులన్నియు ఒకే దిక్కునకు బారులు తీరును. అట్టి పోగు బరువుకు బరువు పోల్చినచో ఉక్కుకంటె అనేక రెట్లు బలమైనది. 1970వ దశకము చివర హాలండు దేశపు శాస్త్రజ్ఞులు ఈ విధానమును సాధించిరి. డైనీమా, స్పెక్ట్రా అను పేర్లతో అమ్మబడునది ఈ జాతి పోగే. ఈ ఒక్క పోగుతోనే రెండు విధముల దారములు చేయుచున్నారు. భేదము పదార్థమున లేదు, కూర్పున కలదు.

4. అల్లిన త్రాడు

నాలుగు గాని ఎనిమిది గాని పాయలను యంత్రముపై జడవలె అల్లినది ఇది.

గుణములు: మెత్తగా వంగును. చుట్టపై ఎంతకాలమున్నను మెలికల రూపము పట్టదు. పాయలు ఒకదానినొకటి పట్టుకొని యుండుటచే ఒక పోగు తెగినను తక్కినవి వెంటనే విడిపోవు. ఎనిమిది పాయలది గుండ్రముగా, నునుపుగా ఉండి గాలమును దూరము విసరుటకు అనువుగా ఉండును. నాలుగు పాయలది కొంచెము గరుకైనను ఒరపిడికి ఎక్కువగా ఓర్చును.

దోషములు: అల్లికకు ఎక్కువ పని పట్టును, కావున వెల ఎక్కువ. పాయల సందులలో నీరు నిలుచును. మెత్తనిదగుటచే గాలి వీచునప్పుడు కర్ర కొసకు చుట్టుకొని చిక్కులు పడును. పైరంగు కొలది కాలములో వెలిసిపోవును.

5. అతికిన త్రాడు

ఇందు పోగులను అల్లరు. వానిని పక్కపక్కన నిడువుగా పరచి, వేడిచేత గాని, పైపూతచేత గాని ఒక్కటిగా అతుకుదురు.

గుణములు: పోగులు వంకరలు లేక నిలువుగా సాగుటచే లాగుబలమును నేరుగా మోయును. అల్లిక పని లేనందున సాధారణముగా వెల తక్కువ. కొంత బిరుసుగా ఉండుటచే చిక్కులు తక్కువ. క్రొత్తగా ఉన్నంతవరకు నునుపుగా జారును, నీటిని తక్కువగా పట్టును.

దోషములు: దీని ఐకమత్యమంతయు పూతపై ఆధారపడినది. వాడగా వాడగా పూత అరిగి, పోగులు లేచి, దారము నూగు పట్టినట్లగును. బిరుసుదనముచే చుట్ట రూపమును కొంత నిలుపుకొనును. ముడి వేసినచోట పోగులు విడివడు ప్రమాదమును కలదు.

6. రెండింటికి సమానమైనవి

రెండును నూటికి మూడు నాలుగు పాళ్లకంటె ఎక్కువ సాగవు. అందుచే చిన్న చేప తాకినను చేతికి తెలియును. కాని సాగని దారము కుదుపును తట్టుకొనదు. పెద్ద చేప ఒక్కసారిగా లాగినచో గాలము దాని నోటినుండి ఊడవచ్చును. రెండింటి సాంద్రత 0.97 మాత్రమే, కావున నీటిపై తేలును. రెండును నీటిలో చేపకు స్పష్టముగా కనబడును. రెండును రాళ్ల అంచులకు, ఆలుచిప్పలకు త్వరగా తెగును. ఈ పోగు సుమారు 150 డిగ్రీల వేడికే కరగును. కావున అనుభవజ్ఞులు కొసన ఒకటి రెండు బారల నైలాను దారమును చేర్చి, దానికి గాలము కట్టుదురు. ఈ దారములు జారుడు స్వభావము కలవి. మామూలు ముడి జారిపోవును. కావున దారమును రెండుపేటలుగా మడిచి ముడి వేసి, తడిచేసి, మెల్లగా బిగింపవలెను.

7. ఎవరికి ఏది తగును?

కర్రయు రీలును ఉపయోగించి దూరము విసరువానికి, తరచుగా వాడువానికి అల్లినదే మేలు. వెల ఎక్కువైనను చాలకాలము వచ్చును. అప్పుడప్పుడు వాడువానికి, క్రొత్తగా నేర్చువానికి అతికినది చాలును. నూగు లేచిన భాగమును ఎప్పటికప్పుడు కోసివేయవలెను. కాని పడవలో కూర్చుండి వట్టి చేతులతో దారమును లాగువానికి ఈ రెండును తగవు. ఇవి సన్ననివి, సాగనివి. బరువైన చేప లాగినప్పుడు వేలిని కత్తివలె కోయును. అట్టివానికి లావైన నైలానే క్షేమము. క్రొత్తది, ఖరీదైనది అను కారణముచేత మాత్రమే ఒక వస్తువు మన పనికి మేలైనది కాజాలదని దీనివలన తెలియుచున్నది.

8. తల్లిదండ్రులకు ఒక మాట

పాత దారము ప్రత్తిదైనచో కుళ్లి మట్టిలో కలిసెడిది. ఈ దారములు కుళ్లవు. తెంపి ఇసుకలో పారవేసినది ఎన్నో ఏండ్లు అట్లే యుండును. జనవరి మొదలు మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు చెన్నపట్నపు తీరమున గ్రుడ్లు పెట్టుటకు వచ్చును. 1988 నుండి విద్యార్థులే ఒక సంఘముగా ఏర్పడి, రాత్రులు తీరము వెంబడి నడచి ఆ గ్రుడ్లను కాపాడుచున్నారు. పారవేసిన దారము అట్టి ప్రాణుల కాళ్లకు, పక్షుల రెక్కలకు ఉరియగును. మన పిల్లలు సముద్రతీరమునకు పోయినప్పుడు కనబడిన త్రాటి ముక్కలను ఒట్టి వేళ్లతో లాగక, పుల్లతో చుట్టి, ముక్కలుగా కత్తిరించి చెత్తకుండీలో వేయునట్లు నేర్పవలెను.

9. ఇంటివద్ద చేయదగిన ప్రయోగము

ఒకే పొడవు గల తొమ్మిది కుట్టు దారములను తీసికొనుము. మూడేసి చొప్పున మూడు పాయలు చేసి జడవలె అల్లుము. మరి తొమ్మిదింటిని పక్కపక్కన నుంచి కొవ్వొత్తి మైనము దట్టముగా రుద్దుము. మొదటిది అల్లినది, రెండవది అతికినది. రెండింటిని వంచి చూడుము. తరువాత బల్ల అంచుపై ఒక్కొక్కదానిని ఏబదిసార్లు రాపాడింపుము. ఏది ముందుగా విడిపోయినదో, ఏల విడిపోయినదో నీ మాటలలో వ్రాయుము.

ప్రశ్నలు

1. పేనుటకును అల్లుటకును భేదమేమి?
2. అతికిన త్రాడు పాతబడిన కొలది బలహీనమగుటకు కారణమేమి?
3. చేతితో లాగు జాలరికి నైలాను ఏల క్షేమము?
4. పోగు, పేట, పురి, పాయ – వీనిని సొంతవాక్యములలో ప్రయోగింపుము. ఇట్టి మాటలు మరి ఐదు మీ ఇంటి పెద్దలను అడిగి వ్రాసి తెమ్ము.