పిలకాయల మనసు, బడి బాధ్యత: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: ఇందుకూరుపేట మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్‌ని. ఎనిమిదో తరగతి అమ్మాయి నోట్సు దిద్దుతుంటే చివరి పేజీలో ‘నేను లేకపోతే మా ఇంట్లో అందరికీ నెమ్మది’ అని రాసి, మళ్లీ కొట్టేసి ఉంది. కొన్నాళ్లుగా ఆ పిల్ల మధ్యాహ్న భోజనం సగంలోనే వదిలేసి లేచిపోతోంది. నేరుగా అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టవుతుందేమోనని భయం. హెడ్మాస్టరుకు చెబితే రచ్చవుతుందేమోనని ఇంకో భయం. ఏం చేయమంటారు?

జవాబు: అడగండమ్మా. రేపే అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం టీచర్లలో చాలామందికి ఉంది. అందులో నిజమెంతో పరీక్షించి చూశారు కూడా. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టును ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, రెండో జట్టును అడగలేదు. 2005లో ఆ ఫలితాలు వచ్చాయి. అడిగిన పిల్లల్లో దిగులు గానీ, అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లలకైతే అడగడం వల్ల మనసు కాస్త తేలికైనట్టే కనిపించింది.

ఎలా అడుగుతారన్నదే ముఖ్యం. స్టాఫ్ రూముకు పిలిపించకండి. అంతమంది టీచర్ల ముందు ఏ పిల్లా నోరు విప్పదు. ఆటల పీరియడ్‌లో గ్రౌండులో ఓ పక్కన, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చోండి. నోట్సు తెచ్చి సాక్ష్యంలా ముందు పెట్టొద్దు. ‘ఈమధ్య అన్నం తినకుండానే లేస్తున్నావు, ఏందమ్మా?’ అని మొదలుపెట్టండి. కాసేపటికి సూటిగా, గొంతు మార్చకుండా, ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ అనండి. ‘అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?’ అని అడిగితే మాత్రం, లేవన్న జవాబు మీరే నోటికి అందించినట్టు. అడిగాక ఆగండి. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడకపోవచ్చు. ఆ ఖాళీని మంచి మాటలతో నింపే తొందర మనకు అలవాటు. దాన్ని ఆపుకోండి.

అవునంటే, ఎప్పటినుంచో, ఇవాళ కూడా అలా ఉందో, ఏం చేయాలో ఏదైనా అనుకుందో అడగండి. ఇవాళా ఉందన్నా, ఏదో అనుకున్నానన్నా ఆ పిల్లను ఒంటరిగా ఇంటికి పంపకూడదు. నమ్మకమైన పెద్దవాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండండి. ఆ రోజే నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లే ఏర్పాటు చేయండి. దారిలోనే 14416కు ఫోన్ చేసి మాట్లాడవచ్చు. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రింబవళ్లు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

‘ఎవరికీ చెప్పను’ అని మాత్రం మాట ఇవ్వకండి. ‘నీకు సాయం చేయగలిగినవాళ్లకే చెబుతాను, ఎవరికి చెప్పబోతున్నానో ముందు నీకు చెబుతాను’ అనండి. పిల్లలు ఈ తేడాను గౌరవిస్తారు. హెడ్మాస్టరుకు చెప్పండి, ఆయన ఒక్కరికే. స్టాఫ్ అందరికీ పాకితే ఆ పిల్ల మళ్లీ జన్మలో ఏ టీచరుకీ ఏదీ చెప్పదు.

ఇంకో మాట. మన తీరం ఊళ్లలో ఆడపిల్లల విషయంలో ఇలాంటి వాక్యాల వెనక పెళ్లి మాటలో, చదువు మాన్పించడమో, ఇంట్లోవాళ్లో బంధువులో చేసిన పాడుపనో ఉండవచ్చు. లైంగిక వేధింపు అని తెలిస్తే ఫిర్యాదు చేయడం మీ ఇష్టాయిష్టాల మీద లేదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం చెప్పితీరాలి. ప్రమాదం ఇంట్లోనే ఉంటే ముందు కబురు పెట్టాల్సింది ఇంటికి కాదు, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు.

ప్రశ్న: మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా ఆయన బోటు మీద పోతాడు. వేట నిషేధం రెండు నెలలూ ఇంట్లోనే. పొద్దుగూకితే తాగుడు, గొడవ. మావోడికి పదమూడేళ్లు. ఫోన్ లాక్కుంటే ‘సచ్చిపోతా, అప్పుడు తెలుస్తాది మీకు’ అంటాడు. ‘ఉత్త బెదిరింపులే, పట్టించుకోబాక’ అంటుంది మా అత్త. నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: బెదిరింపా, నిజమా అని తేల్చే పని పెట్టుకోకు తల్లీ. ఈ వయసులో అనుకోవడానికీ చేయడానికీ మధ్య ఎక్కువ సమయం ఉండదు. బెదిరింపుగా మొదలైన మాట ఒక్క రాత్రి గొడవతో నిజమైపోవచ్చు. అయితే ఆ ఉధృతి చాలాసార్లు కొద్దిసేపట్లోనే తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ప్రమాదకరమైనదేదీ అందకపోతే బిడ్డ దక్కుతాడు. కాబట్టి ముందు చేయాల్సింది ఇది: పొలం పురుగుమందులు, రొయ్యల గుంటలకు వాడే మందులు, ముసలివాళ్ల మాత్రలు, ఏవున్నా ఇంట్లోంచి తీసేయడం, లేదంటే తాళంలో పెట్టి చెవి నీ దగ్గరే ఉంచుకోవడం. తమిళనాడులోని కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర కొన్ని ఊళ్లలో రైతులందరి పురుగుమందులూ ఇళ్లలో లేకుండా, ఊరంతటికీ ఒకేచోట తాళాల పెట్టెల్లో పెట్టి చూశారు. దాని వెనక ఉన్నది మానసిక వైద్యురాలు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. చెన్నైలో 1986లో ఆత్మహత్యల నివారణకు ‘స్నేహ’ సంస్థను స్థాపించింది ఆవిడే. మన గుంటల మీద కూడా ఆ పని చేయడం కష్టమేమీ కాదు.

ఫోన్ సంగతి కోపంలో ఉన్నప్పుడు తేల్చవద్దు. రాత్రి ఫలానా వేళ తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ ఒక్కచోట పెట్టాలి, నాన్న ఫోన్ కూడా. బాబు అన్న మాట మీద కూర్చుని మాట్లాడు. ‘నువ్వట్లా అంటే నాకు భయమేస్తోంది, నిజంగానే అట్లా అనిపిస్తోందా?’ అని అడుగు. తల్లిదండ్రుల గొడవలకు తామే కారణమని పిల్లలు లోపల్లోపల నమ్ముతారు. కాదని వాడికి నోటితో చెప్పాలి, ఒక్కసారి కాదు. మీ ఆయనతో పొద్దున్నే, తాగకముందు మాట్లాడు. 14416 ఆయనకు కూడా పనికొస్తుంది. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించమంటుంది, శిక్షించమనదు.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ రెండు నెలల మాట. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. బడికి వేసవి సెలవులూ దాదాపు అప్పుడే, పదో తరగతి ఫలితాలూ అప్పుడే. ఇంట్లో డబ్బు ఉండదు, తండ్రి కదలడు, బిడ్డను రోజూ చూసే టీచరు ఉండదు. సెలవులిచ్చే ముందే క్లాసు టీచరును కలిసి సంగతి చెప్పు. వారానికోసారి వాడితో ఫోన్లో మాట్లాడమని అడుగు. తీరం మండలాల టీచర్లకు కూడా ఇదే నా విన్నపం: ఆఖరి పనిదినం నాటికి మీకు బెంగగా ఉన్న నలుగురైదుగురు పిల్లల ఇంటి నంబర్లు మీ దగ్గర ఉండాలి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఒక మాట చెప్పి ఉండాలి.

ప్రశ్న: కోట మండలంలో హెడ్మాస్టరుగా చేస్తున్నాను. మా బడికి కౌన్సెలర్ లేరు. టీచర్లకు ఒకరోజు శిక్షణ ఇప్పిస్తే సరిపోతుందా? బడిలో ఏది నిజంగా పనిచేస్తుంది?

జవాబు: ఒక్క శిక్షణతో సరిపోదండీ. యూరప్‌లో 10 దేశాల్లో, 168 బడుల్లో 11,110 మంది పిల్లలతో మూడు పద్ధతులు పోల్చి చూశారు. టీచర్లకు గుర్తుపట్టే శిక్షణ ఒకటి, ప్రశ్నపత్రంతో ప్రమాదంలో ఉన్న పిల్లలను వెతకడం రెండోది. మూడో పద్ధతిలో బయటినుంచి వచ్చిన వ్యక్తి పిల్లలతోనే కొన్ని గంటలు గడిపాడు. దిగులు, గొడవలు, సాయం అడగడం, ఇవన్నీ పిల్లలే చిన్న నాటికలుగా ఆడి చూసుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే మూడో పద్ధతే ఫలితమిచ్చింది. మామూలు బడుల్లో 1.51 శాతం మంది పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకుంటే, ఈ బడుల్లో అది 0.70 శాతం. 2015లో ‘లాన్సెట్’లో వచ్చింది.

మనకు దగ్గరిది బీహార్‌లోని నలందా జిల్లా. 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒకే కార్యక్రమాన్ని కొన్నిచోట్ల టీచర్ల చేత, కొన్నిచోట్ల శిక్షణ పొందిన మామూలు మనుషుల చేత నడిపించారు. వాళ్లు సైకాలజిస్టులు కారు. వాళ్లు నడిపిన బడుల్లో కుంగుబాటు, ఏడిపించడాలు తగ్గాయి. టీచర్లు నడిపినచోట తేడా రాలేదు. దీన్ని టీచర్ల అసమర్థతగా నేను చూడను. మార్కులు వేసే చేతికి మనసు విప్పి చూపడం పిల్లలకు కష్టం. అంతే.

అందుకని నా సలహా: 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం కింద బడికి ఇద్దరు టీచర్లు, ఒక మగ, ఒక ఆడ, ఆరోగ్య అంబాసిడర్లుగా ఉండాలి. క్లాసు పాఠాలకు వాళ్లను వాడుకోండి. ఒంటరిగా మాట్లాడటానికి మాత్రం బయటి మనిషి కావాలి. ఇది మీరు అడుక్కునే సాయమేమీ కాదు. విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన 17 ఏళ్ల అమ్మాయి మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన ఆదేశాలు బడులకూ వర్తిస్తాయి. 100 మంది, అంతకుమించి పిల్లలున్నచోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. అంతకన్నా చిన్న బడి బయటి నిపుణులతో పక్కా ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం కూడా మానమంది కోర్టు. ‘టాపర్ల సెక్షన్’ బోర్డులు పెట్టిన ప్రైవేటు బడుల యాజమాన్యాలు ఈ వాక్యం చదివాయో లేదో! ఆ ఆదేశాల ప్రతి జతచేసి ఎం.ఈ.ఓ.కు, జిల్లా విద్యాశాఖాధికారికి రాయండి.

ఉత్తరాల పెట్టె పెట్టాలనుకుంటే, రోజూ తెరిచే ఒక్క మనిషి దొరికాకే పెట్టండి. పిల్ల సోమవారం వేసిన చీటీని శనివారం తీసే పెట్టె ఉండకపోవడమే మేలు. ఎక్కడైనా ఒక బిడ్డ చనిపోయిన వార్త వస్తే ప్రేయర్‌లో అది ఎలా జరిగిందో చెప్పొద్దు, త్యాగంలా పొగడొద్దు. బాధలో ఉన్న ఇంకో బిడ్డ ఆ వరుసలోనే నిలబడి వింటూ ఉంటుంది.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. నా ఫ్రెండ్ చచ్చిపోవాలని ఉందని చెప్పింది. ఎవరికీ చెప్పనని అమ్మ మీద ఒట్టు పెట్టించుకుంది. చెబితే నాతో మాట్లాడదు. (విడవలూరు మండలం)

జవాబు: చెప్పు తల్లీ. ఈ ఒట్టు తప్పితే పాపం రాదు, మీ అమ్మకేమీ కాదు. నీ ఫ్రెండ్‌కు నీ మీద కోపం వస్తే రానీ. కోపం పోయేదాకా ఆమె ఉండాలి, అది ముఖ్యం. ఈ బరువు నువ్వొక్కదానివే మోయకూడదు. మీ ఇద్దరికీ నచ్చిన టీచరు ఎవరో ఆలోచించి, వీలైతే నీ ఫ్రెండ్‌నూ వెంటబెట్టుకుని వెళ్లు. రానంటే నువ్వొక్కదానివే వెళ్లు. టీచరు నవ్వేసినా, విసుక్కున్నా అక్కడితో ఆగొద్దు, ఇంకొకరికి చెప్పు: మీ అమ్మకు, వాళ్లమ్మకు, ఏఎన్ఎం అక్కకు. ఇంట్లో ఎవరి ఫోన్‌లోనైనా 14416 నొక్కి ‘నా ఫ్రెండ్ గురించి’ అని చెప్పినా వింటారు. ఇవాళే చెప్పు, రేపు బడికి వెళ్లేదాకా ఆగకు.