పిల్లల తోట, పెద్దల చేతులు

మా పాఠశాల వెనుకనున్న ఖాళీ స్థలములో కిందటి సంవత్సరము పిల్లలచేత కూరగాయల మళ్లు వేయించితిమి. బెండ, వంగ, గోరుచిక్కుడు చక్కగా మొలచినవి. వేసవి సెలవులు రాగానే నీరు పోయువారు లేక అన్నియు ఎండిపోయినవి. బడి తిరిగి తెరచునప్పటికి తొలకరి వానకు కలుపు మాత్రమే లేచియున్నది. ఈ లోపము పిల్లలది కాదు. ముందుగా ఏర్పాటు చేయని మాది. ఇట్టి చిక్కు మనకే కొత్తగా వచ్చినది కాదు. నూటయేబది యేండ్లకు పూర్వమే జర్మనీ దేశములో ఒక బడి తలిదండ్రులకు ఇది ఎదురైనది. వారేమి చేసిరో మన తలిదండ్రులకు తెలుపుటకే ఈ వ్యాసము.

పందొమ్మిదవ శతాబ్దమున లైప్‌జిగ్ నగరము పరిశ్రమలతో వేగముగా పెరిగినది. ఇండ్లు ఇరుకైనవి, పిల్లలకు ఆటస్థలములు కరవైనవి. నగరబాలలకు ఆరుబయట ఆటలు, వ్యాయామము అవసరమని మోరిట్స్ ష్రేబర్ అను వైద్యుడు అచ్చట బోధించుచుండెను. పిల్లల పెంపకములో ఆయన చెప్పిన కఠిన పద్ధతులను నేటివారు అంగీకరింపరుగాని, ఆటస్థలమును గూర్చిన మాట మాత్రము నిలిచినది. ఆయన 1861లో మరణించెను. 1864లో ఎర్న్‌స్ట్ ఇన్నొసెంట్స్ హౌషిల్డ్ అను ప్రధానోపాధ్యాయుడు తన విద్యార్థుల తలిదండ్రులను చేర్చుకొని ఒక సంఘమును స్థాపించి, దానికి ష్రేబర్ పేరు పెట్టెను. మరుసటి యేడు ఆ సంఘము పిల్లలకొక ఆటస్థలమును తెరచెను.

1868లో కార్ల్ గెసెల్ అను విశ్రాంత ఉపాధ్యాయుడు ఆ ఆటస్థలము అంచున పిల్లలకు చిన్న చిన్న మళ్లు వేయించెను. పిల్లలు కొన్నాళ్లు ఉత్సాహము చూపి, పిదప ఆటలలో పడిరి. మళ్లలో కలుపు పెరిగెను. అప్పుడు తలిదండ్రులే పార పట్టిరి. పిల్లల మళ్లు క్రమముగా కుటుంబముల మళ్లయినవి; వాటికి కంచెలు వచ్చినవి. ష్రేబర్ ఆ తోటలను కన్నులారా చూడనేలేదు. అయినను నేటికిని వాటిని ష్రేబర్ తోటలనియే పిలుతురు.

ఇప్పుడు ఆ దేశమున ఇట్టి తోటలు లక్షలకొలది కలవు. 1983 నాటి చట్టము ప్రకారము ఒక్కొక్క తోట 400 చదరపు మీటర్లకును, అందలి చిన్న యిల్లు 24 చదరపు మీటర్లకును మించరాదు. పండినది ఇంటి వాడుకకేగాని వ్యాపారమునకు కాదు. సభ్యులు ఎన్నుకొనినవారు జీతము లేకయే సంఘపు పనులను నడుపుదురు. దారులు, కంచెలు బాగుచేయుటకు సభ్యులు ఏటా కొన్ని గంటలు కలసి పనిచేయుదురు. ఒకే వీధిలో నుండియు పలుకరించుకొననివారు ఇచ్చట పక్కపక్కన నిలిచి మట్టి త్రవ్వుదురు.

అదే దేశములోని గోటింగెన్ పట్టణపు ముచ్చట మనకు మరింత దగ్గరిది. బోస్నియా యుద్ధమువలన ఇల్లు విడిచి అచ్చటికి చేరిన స్త్రీలు, తమకు మిక్కిలి వెలితిగా నున్నది తమ ఊరి తోటలేయని చెప్పిరి. ఆ మాటనుండి 1990వ దశకము నడుమ, పలు దేశములవారు కలసి సాగుచేయు తోట ఒకటి పుట్టినది. కుటుంబములు తమ తమ పంటలను పండించుకొనుచు, ఒకరితో నొకరు మాటలాడుటకు జర్మను భాషను నేర్చుకొనిరి. క్రొత్త భాష నేర్చుటకు తమ పంటనుగాని, తమ మాటనుగాని విడువవలసిన పని లేకపోయినది.

ఇందు మనము గ్రహింపవలసిన దేమి? కిందటి యేడు మొక్కకు పాదు చేయుమని చెప్పగా, తెలుగులో మంచి మార్కులు తెచ్చుకొను బాలుడొకడు “పాదు అనగా నేమండీ?” అని మమ్ము అడిగెను. నారు, గొప్పు, బోదె అను మాటలును మరి కొందరికి తెలియవు. పుస్తకములోని మాటను మేము చెప్పగలము, పరీక్షలో వ్రాయింపగలము. కాని చేతిలో పార, పక్కన తాత ఉన్నప్పుడు నేర్చిన మాటకు గల బలము దానికి రాదు. బీడుపడిన తోటను చూచి పిల్లలను నిందించుట ఎట్టిదో, ఇంట తెలుగు మాటలాడక బడిని నిందించుటయు అట్టిదే. బడి విత్తగలదు, సెలవులలో నీరు పోయవలసినది ఇల్లే.

కావున ఈ యేడు మడికి రెండు కుటుంబముల చొప్పున అప్పగింప నిశ్చయించితిమి. ఆదివారము ఉదయమున ఒక గంట పని. సెలవులలో నీటికి వంతులు. అమ్మమ్మలు, నాయనమ్మలు దాచిన విత్తనములేవైన నున్నచో తప్పక తేవలెను. వాటి పేర్లు పిల్లలచేత పలికించి, వ్రాయించెదము. తమిళము, కన్నడము మాటలాడు ఇరుగుపొరుగువారు మడి కోరినచో సంతోషముతో ఇచ్చెదము. వారి మాటలు మన పిల్లలకు, మన మాటలు వారి పిల్లలకు వచ్చుట ఇరువురకును మేలే.

ఇష్టముగల తలిదండ్రులు పాఠశాలకు వచ్చి పేర్లు వ్రాయించుకొనవలసినదిగా కోరుచున్నాము. పారలు, నీళ్ల బాల్చీలు బడిలో సిద్ధముగా నున్నవి.