ఇంజన్ లెక్క వేరు, అప్పు లెక్క వేరు

చిరంజీవి శ్రావణికి,

రాత్రి ఫోన్లో నువ్వు అడిగినవి రెండే ప్రశ్నలు. బండే కదలనప్పుడు ఈఎంఐ ఎందుకు కట్టాలి, ఆ బండేదో ఫైనాన్స్ వాళ్లకే అప్పజెప్పేస్తే పీడ విరగడైపోదా అని. రెండింటికీ జవాబుంది గానీ, ఏడుస్తున్న మనిషికి ఫోన్లో లెక్కలు చెబితే ఎక్కవు. అందుకే రాసి పంపిస్తున్నాను. పక్కన కాగితం, పెన్ను పెట్టుకుని చదువు.

ముందు షెడ్డు సంగతి. చిలకలూరిపేటలో బండి పెట్టిన మెకానిక్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, మళ్లీ చెప్పేదాకా హెడ్ దించొద్దని, సెల్ఫ్ కొట్టొద్దని చెప్పు. అతను మంచివాడే కావచ్చు. కానీ ఒకసారి ఇంజన్ విప్పేశాక అది ఎందుకు పోయిందో నిరూపించడం చాలా కష్టం. వారంటీ వాళ్లు, ఇన్సూరెన్స్ వాళ్లు, బండి అమ్మినవాడు, అందరిదీ ఒకటే మాట అవుతుంది, బయట విప్పించారు కాబట్టి మాకు సంబంధం లేదని. విప్పకముందే తమ్ముణ్ణి పంపి వీడియో తీయించు. కిలోమీటర్ల రీడింగు, డాష్‌బోర్డు మీద వెలిగే లైట్లు, ఇంజన్ నంబరు, రేడియేటర్లో నీళ్లు ఏ మట్టానికి ఉన్నాయి, ఏ పైపు దగ్గర కారిన మరక ఉంది, ఇవన్నీ అందులో పడాలి. ఆయిల్ గేజ్ బయటికి లాగి దాన్ని కూడా దగ్గరగా చూపించమను.

మార్టూరు దగ్గర టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటిందని, అయినా పేట దాకా లాక్కొచ్చేద్దామనుకున్నానని చెప్పావు. తిట్టడానికి ఎత్తడం లేదు, లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి. కూలెంట్ ఎక్కడో కారిపోయింది. నీళ్లు లేని ఇంజన్లో ముందు దెబ్బ తినేది హెడ్. అది అల్యూమినియం, వేడికి వంగుతుంది. వంగిన చోట గ్యాస్కెట్ కాలుతుంది, మిగిలిన కూలెంట్ ఆయిల్లోకి దిగుతుంది. గేజ్ మీద ఆయిల్ చిక్కటి మజ్జిగలా తెల్లగా కనిపిస్తే అదే గుర్తు. అలాంటి ఆయిల్ క్రాంక్ బేరింగుల్ని కాపాడలేదు. పైన పిస్టన్ వేడికి ఉబ్బి బోరును గీరేస్తుంది, చివరికి అన్నీ పట్టేసి జామ్ అవుతుంది. ముల్లు లేచిన చోటే ఆపి ఉంటే హోస్ పైపు ఖర్చుతో పోయేది. ఆ తర్వాత గ్యాస్కెట్, ఆ తర్వాత హెడ్, ఆ తర్వాత బోరు, క్రాంక్. ఎక్కడ ఆగామన్నదే బిల్లు. నీ బండి ఎక్కడ ఆగిందో విప్పితేగానీ తెలియదు. కానీ విప్పడానికి ముందు, ఆ బిల్లులో ఇంకెవరి చెయ్యైనా పడుతుందా అని చూసుకోవాలి.

ఇన్సూరెన్స్ ఫుల్లే కదా మామయ్యా అన్నావు. ఆటోనగర్‌లో ఉన్నన్నాళ్లూ నేను ఎక్కువగా విన్న మాట అదే, ఎక్కువ మందిని ముంచిన మాట కూడా అదే. మామూలు ప్యాకేజీ పాలసీలో మెకానికల్ బ్రేక్‌డౌన్, అరుగుదల, ఒక నష్టం వల్ల వెనకాలే వచ్చే నష్టం కవరు కావని స్పష్టంగా రాసి ఉంటుంది. జీరో డిప్రిసియేషన్ తీసుకున్నా అంతే. ఇంజన్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ ఉంటే ఇంజన్లోకి నీళ్లు వెళ్లినప్పుడు, కింద రాయి తగిలి ఆయిల్ కారిపోయినప్పుడు పనికొస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగినప్పుడు ఆ యాడ్ ఆన్ విలువ చాలామందికి తెలిసొచ్చింది. అలాంటప్పుడు కూడా మునిగిన బండికి సెల్ఫ్ కొడితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. నీది వరదా కాదు, ప్రమాదమూ కాదు. రేడియేటర్‌కి ముందు నుంచి రాయి తగిలి పగిలిన గుర్తు ఉంటే మాత్రం చెప్పు, అప్పుడు కనీసం ఆ దెబ్బ తిన్న భాగానికి అడగొచ్చు. లేని ప్రమాదాన్ని కల్పించి క్లెయిమ్ పెడదామని ఎవరైనా చెవిలో ఊదితే వినకు. సర్వేయర్లకి ఇలాంటివి రోజూ కనిపిస్తాయి.

ఇక కంపెనీ వారంటీ. నువ్వు కొన్నది పాత బండి కాబట్టి వారంటీ ఉండదని తేల్చేసుకోకు. మొదటి యజమాని ఎక్స్‌టెండెడ్ వారంటీ కట్టి ఉంటే అది బండితో పాటు నీకు వచ్చి ఉండొచ్చు. చాసిస్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో అడుగు. వారంటీ ఉందా, ఈ మోడల్‌కి రీకాల్ ఏమైనా ఉందా, పాత సర్వీసు రికార్డుల్లో ఏ తేదీకి ఎన్ని కిలోమీటర్లు నమోదయ్యాయి, ఈ మూడూ తెలుసుకో. మూడోది ముఖ్యం. రెండేళ్ల కిందట సర్వీసులో తొంభై వేలు చూపించిన బండి నీకు అమ్మేటప్పుడు అరవై వేలు చూపిస్తే అది అమ్మినవాడి మోసం. పాత బండ్ల వ్యాపారులు రవాణా శాఖ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ నుంచి ఉంది, ఆ పత్రం ఉన్నవాడేనా చూడు. ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. గడువు రెండేళ్లు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు, నీది దాటింది కాబట్టి కొంచెం ఉంటుంది. ఇదంతా మోసం కనిపిస్తేనే సుమా. ముల్లు చూసి కూడా నడిపిన బండికి అమ్మినవాణ్ణి కోర్టుకి ఈడిస్తే నిలవదు.

ఎవరి చెయ్యీ పడదని తేలిందనుకో. అప్పుడు అసలు లెక్క.

బండి 6,20,000. నువ్వు చేత్తో ఇచ్చింది 1,70,000, లోను 4,50,000, వడ్డీ 14 శాతం, 48 నెలలు, ఈఎంఐ 12,297. ఇప్పటికి 14 కట్టావు, అంటే దాదాపు 1,72,000. అందులో అసలు తగ్గింది లక్షా ఆరు వేల చిల్లర మాత్రమే, మిగతాది వడ్డీ కిందికి పోయింది. ఇంకా 3,43,500 దాకా బాకీ. ఫైనాన్స్ కంపెనీని స్టేట్‌మెంట్ అడిగి సరిచూసుకో. ఈ అంకె చూసే కదా నీ గుండె జారింది. కట్టినదంతా కలిపి మూడు లక్షల నలభై వేలు బండి మీద పోశాను, ఇంకా అంతే బాకీ, పైన రిపేరా అని.

ఆ కాగితం మీద బాకీని కాసేపు కొట్టెయ్. బండి బాగు చేయించినా, చేయించకపోయినా అది అంతే ఉంటుంది. రెండు వైపులా ఒకే అంకె ఉంటే తేడా ఎక్కడి నుంచి వస్తుంది? కట్టేసిన డబ్బూ అంతే, ఏం చేసినా తిరిగి రాదు. మిగిలేవి మూడే. ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎంతొస్తుంది, బాగు చేయించడానికి ఎంతవుతుంది, బాగయ్యాక ఎంత పలుకుతుంది. ఇంజన్ పోయిన నీ బండికి ఎవరో 1,80,000 ఇస్తామన్నారని చెప్పావు. ఇంజన్ మార్చిన బండి అనగానే కొనేవాడు మొహం చిట్లిస్తాడు కాబట్టి బాగయ్యాక కూడా 5 లక్షలు అనుకోకు, నాలుగున్నర వేసుకో. ఆటోనగర్‌లో బోరు, హెడ్ పని చేయించి ఇంజన్ కట్టడానికి లక్షా ఇరవై అనుకుందాం. నాలుగున్నరలోంచి అది తీస్తే 3,30,000. ఉన్నపళంగా అమ్మితే 1,80,000. లక్షన్నర తేడా, కాబట్టి కట్టించాలి. అదే సర్వీస్ సెంటర్ వాళ్లు కొత్త ఇంజన్ వేయాలి, 2,60,000 అవుతుందంటే? కొత్త ఇంజన్ కాబట్టి బండికి పాతిక వేలు ఎక్కువే పలుకుతుందనుకున్నా, మిగిలేది 2,15,000. ముప్పై అయిదు వేల కోసం అంత డబ్బు అప్పు తెచ్చి, నెలల తరబడి తిరిగే పని. అక్కడ నేనైతే వద్దంటాను.

బాకీని ఇప్పుడు మళ్లీ తెచ్చుకో, అది అమ్మకంలో అడ్డం పడుతుంది. ఆర్‌సీ మీద హైపోథికేషన్ ఉన్నంతకాలం నువ్వు ఒక్కదానివే సంతకం పెట్టి అమ్మలేవు. ఫైనాన్స్ కంపెనీ నుంచి ఎన్‌వోసీ, ఫారం 35 రావాలి. అవి రావాలంటే మొత్తం బాకీ తీర్చాలి, ముందే మూసినందుకు వాళ్ల చార్జీ ఎంతో అగ్రిమెంటులో ఉంటుంది. వచ్చే 1,80,000 పోగా నువ్వు చేతి నుంచి తేవలసింది 1,63,500, పైన చార్జీ. చూశావా, బండి వదిలించుకోవడానికి కావలసిన నగదు, బాగు చేయించుకోవడానికి కావలసినదానికంటే ఎక్కువ. ఎన్‌వోసీ తర్వాత చూసుకుందాం, బండి ఇచ్చి ఈఎంఐ మేమే కట్టుకుంటాం అనే మధ్యవర్తులు కూడా తగులుతారు. వాళ్లు కట్టకపోతే నోటీసు నీ పేరునే వస్తుంది. ప్రమాదం జరిగినా ఆర్‌సీ మీద ఉన్నది నీ పేరే.

ఫైనాన్స్ వాళ్లకే అప్పజెప్పడం అన్నది ఇంకా నష్టం. వాళ్లు ఆ బండిని వేలం వేస్తారు, కదలని బండికి వేలంలో నీకొచ్చే ధర కూడా రాదు. వచ్చింది బాకీలో తగ్గించుకుని, ఖర్చులు కలిపి, మిగిలినది కట్టమని నీకే నోటీసిస్తారు. మీ నాన్న గ్యారంటీ సంతకం పెట్టాడు, ఆయనకీ ఇస్తారు.

ఈఎంఐ ఆపడం గురించి. నువ్వు అప్పు తీసుకున్నది ఫైనాన్స్ కంపెనీ దగ్గర, బండి కొన్నది ఇంకొకరి దగ్గర. బండి పాడైందన్నది ఆ మొదటి ఒప్పందంలో కారణం కాదు. ఆటో డెబిట్ తప్పితే నీ బ్యాంకు చార్జీ, వాళ్ల చార్జీ రెండూ పడతాయి. బ్యాంకు ఆటో డెబిట్ డబ్బులు లేక తిరిగొస్తే 2007 నాటి చెల్లింపుల చట్టం కింద చెక్ బౌన్స్ లాగే కేసు పెట్టే వీలుంది. ఆలస్యమైన ప్రతి నెలా సిబిల్‌లో ఎక్కుతుంది, మీ నాన్న రికార్డులో కూడా. తొంభై రోజులు దాటితే మొండి బాకీ. కాబట్టి ఈ నెల ఇబ్బందిగా ఉంటే గడువు తేదీ రాకముందే వాళ్లకి మెయిల్ రాయి. బండి ఫోటోలు, ఎస్టిమేటు జతచేసి, గడువు పెంచి ఈఎంఐ తగ్గించగలరా అని అడుగు. ఒప్పుకోవాలని లేదు, కానీ కిస్తీ తప్పకముందే అడిగినవాళ్లతో మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది. వాళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2022లో చెప్పింది. బలవంతంగా మనుషుల్ని పంపి బండి లాక్కుపోవడం తప్పని సుప్రీంకోర్టు 2007లోనే అంది. అలాంటిది జరిగితే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్, ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా రాయొచ్చు.

రిపేరు డబ్బు కోసం క్రెడిట్ కార్డు గీకొద్దు. మీ అమ్మ గొలుసు తాకట్టు మీద వచ్చే లోను వడ్డీ దానికంటే బాగా తక్కువ. అమ్మ ఒప్పుకుంటుందా అన్నది నువ్వూ అమ్మా చూసుకోండి, ఆ తగవులో నేను లేను.

ఇక మెకానిక్‌తో. ఎస్టిమేటు రెండు దశల్లో రాయించుకో. విప్పి చూసి చెప్పడానికి ఎంత, చూశాక పనికి ఎంత. విప్పినప్పుడు తమ్ముడు అక్కడ ఉండాలి. హెడ్ వంగిందంటే స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూపించమను, చీలిక ఉందేమో లేత్ షాపులో ప్రెషర్ టెస్ట్ చేయించమను. అన్నిటికంటే ముఖ్యం, కూలెంట్ ఎక్కడ కారిందో వేలు పెట్టి చూపించాలి. వాటర్ పంపా, హోసా, రేడియేటరా? ఆ జవాబు రాకుండా కొత్త గ్యాస్కెట్ వేసి ఇచ్చిన బండి మళ్లీ అదే రోడ్డు మీద ఆగుతుంది. థర్మోస్టాట్ పాతదే వేస్తానంటే ఒప్పుకోకు, అది చిన్న ఖర్చు. తీసేసిన సామాన్లన్నీ సంచిలో వేసి ఇమ్మను.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ వేస్తే చవక అని కూడా అంటారు. నిజమే, కానీ దాని నంబరు వేరు. ఆర్‌సీలో, పాలసీలో, లోను కాగితాల్లో అంతా పాత నంబరే ఉంది. ఫైనాన్స్ కంపెనీకి రాసి చెప్పి, ఆర్‌టీవో దగ్గర ఎక్కించుకోకపోతే రేపు క్లెయిమ్‌కీ, అమ్మకానికీ అదే అడ్డు. ఆ ఇంజన్ ఏ బండిదో కాగితం చూపించలేనివాడి దగ్గర అసలు కొనొద్దు, దొంగబండిది అయితే పోలీసులు నిన్ను కూడా అడుగుతారు.

పని అయ్యాక మొత్తం డబ్బు ఒక్కసారే ఇవ్వకు. గంటసేపు రోడ్డు మీద తిప్పి, చల్లారాక కూలెంట్ మట్టం చూసి అప్పుడు మిగతాది ఇవ్వు. మొదటి వెయ్యి కిలోమీటర్లు మెల్లగా నడిపి ఆయిల్, ఫిల్టర్ మార్పించు. వీడియో రాగానే నాకు పంపు, ముందు ఆయిల్ గేజ్ దగ్గర తీసిన ముక్క పంపు.

మీ మామయ్య