ఉన్నత పాఠశాల విద్యార్థులకు జలరక్షణ శిక్షణ

ఆపదలో ప్రాణము నిలుపుకొను విద్య యనగానే కీకారణ్యములు, క్రూరమృగములు జ్ఞప్తికి వచ్చును. కోనసీమలో ఆ భయము లేదు. ఇచ్చటి భయము నీటిది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించినది. 1996 నవంబరు 6వ తేదీ తుపాను వందలాది ప్రాణములను బలిగొన్నది. 2018 జూలై 14న పశువుల్లంక వద్ద పడవ బోల్తాపడి, బడినుండి ఇల్లు చేరవలసిన బాలికలు గౌతమిలో గల్లంతైరి. లంక గ్రామాల పిల్లలకు నేటికిని పడవయే బాట. కాగా వారిలో ఈత వచ్చినవారెందరు? పంచాయతీ సభ్యులు తమ ఊరి బడికి వెళ్లి ఈ ప్రశ్న వేయవలెనని మా మనవి.

ఈత నేర్పుటకు కొలను కట్టనక్కరలేదు. లోతు తెలిసిన చెరువు, అనుభవజ్ఞుడైన జాలరి, ఒడ్డున మోకు పట్టుకొన్న పెద్దలు ఇద్దరు చాలును. మన పెద్దలు ఎండు సొరబుర్ర నడుమునకు కట్టి నేర్పిరి. బాలికలకు వేరు వేళ, నేర్పుటకు స్త్రీలను ఏర్పాటు చేసినచో తల్లిదండ్రులు కాదనరు.

ఈతకన్న ముఖ్యమైనది మరొకటి కలదు. మునుగుచున్న వానికొరకు దూకరాదు. వాడు భయముతో రక్షింపవచ్చిన వానిని పట్టుకొని ముంచును. మోకుగాని, మూత బిగించిన ఖాళీ డబ్బాగాని విసరవలెను, గెడ అందించవలెను. ఒడ్డుకు చేర్చిన మనిషిని బోర్లవేసి పొట్ట నొక్కుట, తలక్రిందులుగా త్రిప్పుట మన ఊళ్లలో ఇంకను కానవచ్చుచున్నది. అది కాలహరణమే. ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, నోట ఊపిరినూది, రొమ్ము నడుమ గట్టిగా నొక్కవలెను. 30 నొక్కులకు 2 ఊపిరులు. ఇది చదివి వచ్చునది కాదు; ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వారిని బడికి పిలిపించి బొమ్మపై అభ్యాసము చేయించవలెను. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయవలెను.

ధవళేశ్వరము వద్ద 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇత్తురు. ఏ హెచ్చరికకు తమ ఊరి ఏ బాట మునుగునో విద్యార్థులచేతనే పటము గీయించినచో, ఆ అంకెలు వారికి జీవితాంతము గుర్తుండును. తుపానులో గాలి హఠాత్తుగా ఆగినచో అది తుపాను కన్ను కావచ్చును. కొంతసేపటికి గాలి ఎదురుదిక్కునుండి వీచును. కనుక బయటికి రారాదు. కొబ్బరిచెట్ల క్రింద నిలువరాదు. తెగిన విద్యుత్తు తీగను తాకరాదు. వరద తీసిన పిమ్మట పాములు గడ్డివాములలో, అటకలపై చేరును. పాము కరచినచోట కోయరాదు, బిగించి కట్టరాదు. కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను.

జూన్‌లో బడులు తెరచిన వెంటనే ఈ శిక్షణ మొదలిడుట మేలు, జూలైనుండి గోదావరి పెరుగును గనుక. అన్నిటికన్న ముందు రేవునకు పోయి చూడుడు: పడవలో ప్రతి పిల్లకు లైఫ్ జాకెట్టు కలదా? ఉన్నచో, దానిని తొడుగుచున్నారా, లేక మూటగట్టి మూల పడవైచినారా?