మబ్బును చూసి గొర్రు కట్టొద్దు

ఆరుద్ర కార్తె వచ్చిందంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చేల మీద ఆకాశం రోజూ ఆశ పెడుతుంది. పడమటి నుంచి మబ్బులు మందలు మందలుగా వచ్చి, తల మీదుగా తూర్పుకు పోతాయి. చినుకు రాలదు. రామగిరి కొండల మీద గాలిమరలు మాత్రం తీరిక లేకుండా తిరుగుతుంటాయి. ఆ మరలను తిప్పే గాలే మన చేలను ఎండబెడుతుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, సంగతి అదే.

అరేబియా సముద్రం నుంచి తడి మోసుకొచ్చే గాలికి ముందు పడమటి కనుమలు అడ్డొస్తాయి. పైకి ఎక్కేకొద్దీ ఒత్తిడి తగ్గి గాలి విచ్చుకుంటుంది, విచ్చుకుంటే చల్లబడుతుంది, చల్లబడితే అందులోని ఆవిరి నీరవుతుంది. అందుకే కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. కనుమ ఇవతల దిగే గాలి అణిగి, కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. వేడెక్కితే మబ్బు కరుగుతుంది. మనకు మిగిలేది ఏడాది మొత్తానికీ సుమారు 550 మిల్లీమీటర్లు.

అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలలదే. పుబ్బ, ఉత్తర కార్తెలకు పడమటి గాలి మెత్తబడుతుంది. బంగాళాఖాతం తేమ ఇటు తిరుగుతుంది. పగలంతా కాగిన ఎర్రనేల మీది గాలి నిలువుగా లేచి, సాయంత్రానికి ఉరుముల మబ్బు కడుతుంది. ఈ మబ్బు వెడల్పు కొద్ది కిలోమీటర్లే. పక్క ఊళ్లో వంక పారినా మన చేను పొడిగా ఉండేది అందుకే.

శెనక్కాయ విత్తిన 40వ రోజు నుంచి 80వ రోజు దాకా ఊడలు దిగి కాయ ఊరుతుంది. అప్పుడు బెట్ట తగిలితే పంట పోయినట్టే. జూన్ మొదటి జల్లుకే ఉరికి విత్తితే ఆ రోజులు సరిగ్గా జులై, ఆగస్టు గాలులకు దొరుకుతాయి. జులై పదో తేదీ ప్రాంతంలో విత్తితే సెప్టెంబరు వాన అందుకుంటుంది. తొందరపడే పొరుగాయన్ను చూసి మనమూ తొందరపడడం మన జిల్లాలో పాత జబ్బు.

వాన ఎంత పడిందో పేపరు చూసి కాదు, చేలోనే కొలవండి. నిలువు గోడల డబ్బా ఒకటి, చెట్టుకు, ఇంటికి దూరంగా, గాలికి ఒరగకుండా పెట్టండి. రోజూ ఉదయం 8.30కి చూడండి, వాతావరణ శాఖ వాళ్లు కొలిచేదీ ఆ వేళకే. డబ్బాలో 2 సెంటీమీటర్లు నిలిస్తే 20 మిల్లీమీటర్లు, అంటే ఎకరాకు 80 వేల లీటర్లు. అది విత్తే పదును. అంతకు తక్కువైతే విత్తనం ఇంట్లోనే ఉండనివ్వండి. పదునైతే మాత్రం రెండు మూడు రోజుల్లో గొర్రు తోలాలి, ఈ గాలికి ఎర్రనేలలో తడి నిలవదు. నడుమ కంది సాళ్లు మరవొద్దు. అదును ఆగస్టులోకి జారితే శెనక్కాయ మీద పట్టు వదిలి కంది, అలసంద చూసుకోవాలి. ఇంకా ఆలస్యమైతే ఉలవే గతి.

సాయంత్రం మెరుపు మెరిశాక ఉరుము వినపడేలోపు అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. అయితే ఉరుము వినపడిందంటేనే పిడుగు మీ దాకా రాగలదు. చేలో చింతచెట్టు కిందికి చేరకండి, పశువులను తోలుకుని ఇంటికి రండి.