చెవి మిషన్ కొనేముందు

చి.సౌ. సుజాతకు, మర్పల్లి నుంచి పెద్దనాయన ఆశీర్వదించి రాయునది.

మీ నాయనకు దసరాకు చెవి మిషన్ కొనిస్తనని ఫోన్‌కు బొమ్మలు పంపినవు, చూసిన. అన్నీ చెవిలోపలికి పోయి బయటికి కనపడనివే. నేను మిషన్ పెట్టుకునే మనిషిని గనుక చెప్తున్న, కనపడుతదా లేదా అన్నది ఆఖరుకు చూసుకోవలసిన సంగతి.

మీ నాయనకు చప్పుడు వినపడుతది, మాటే తెలుస్తలేదు. వయసు మీద పడితే లోపలి చెవిలో ఉండే వెంట్రుకల కణాలు పాడైతయి. ముందుగాల పోయేవి కీచుగ ఉండే సన్నని శబ్దాలు. అచ్చులు బాగనే అందుతయి గాని స, త, ప, క లాంటి హల్లులు జారిపోతయి. అందుకే మీ అమ్మ ‘పప్పు వెయ్యాల్నా’ అంటే ‘నా తప్పేమున్నది’ అని కయ్యానికి దిగుతడు. ఆడోళ్ల మాట, చిన్నపిల్లల మాట ఇంకా కష్టం. గట్టిగ అరిస్తే అచ్చులే ఇంకింత మోగుతయి, హల్లులు ఎక్కడివక్కడనే. పైగా తాండూరుల నాపరాయి కోసే మిషన్ల పక్కన ఏండ్లకేండ్లు నిలబడ్డడు. అట్లాంటి మోత తిన్న చెవికి పరీక్ష చేస్తే 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగి కనపడుతది.

కాబట్టి ముందు పరీక్ష. వికారాబాద్‌ల రైలెక్కి హైదరాబాద్ పోండ్రి. కోఠిల సర్కారు ఈఎన్‌టీ దవాఖాన ఉన్నది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌ల అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. అసలు సంస్థ 1983ల బొంబాయిల పెట్టిన్రు గాని, ఆ పేరు మన హైదరాబాద్ ఆయనదే, ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్ చేసినాయన. ముందు డాక్టర్‌తోని గులిమి తీయించు. కొందరికి అక్కడనే కొంత తేడా తెలుస్తది. తర్వాత ఒక్కో చెవికి విడివిడిగ గీత తీస్తరు. మాటలు చెప్పి తిరిగి చెప్పించుకునే పరీక్ష కూడ అడిగి చేయించు, మిషన్ ఎంత పనికొస్తదో చెప్పేది అదే. ఒక్క చెవే ఉన్నట్టుండి పోయినా, చీము కారినా, తల తిరిగినా అది వయసు పని కాదు. మిషన్ మాట పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి ఉరకాలె.

ఆ పరీక్ష కాగితం చేతిల లేకుండ ఎవరు మిషన్ అమ్మినా కొనకు. ఆన్‌లైన్‌ల అగ్గువకు దొరికేవి చాలామట్టుకు అన్ని చప్పుళ్లనూ ఒక్కతీరుగ పెంచేవే. మీ నాయనకు పెంచవలసింది సన్నని శబ్దాలు, మోటు శబ్దాలు కాదు. గీతను బట్టి కంప్యూటర్ పెట్టి సరిచేసే మిషన్ కావాలె. చేసే ఆడియాలజిస్ట్‌కు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నదా అడుగు, మొహమాటపడకు. దుకాణపాయన ఇన్ని ఛానళ్లు, బ్లూటూత్ అని చెప్పుకుంట పోతడు. నువ్వు ఒక్కటే అడుగు: కొన్నాక ఎన్నిసార్లు తిరిగి సరిచేస్తవు, పైసలు తీసుకుంటవా? ఇంటికి తీసుకపోయి పెట్టి చూసే గడువు ఉన్నదా?

మీ నాయన వేళ్లు చూసినవా? బండలు మోసి మొద్దుబారినయి, చూపూ అంతంతే. చెవిలోపలి మిషన్‌కు వేసే పసుపు రంగు 10 నంబరు సెల్లు జొన్నగింజంత ఉంటది. అతనికి చెవి వెనక పెట్టేదే మేలు. నారింజ రంగు 13 నంబరు సెల్లు గాని, నీలం రంగు 675 గాని పడేది. స్టిక్కర్ పీకినంక ఒక నిమిషం గాలికి ఉంచి వెయ్యాలె. పీకిన సెల్లు వాడకున్నా ఖర్చైపోతది. చార్జింగ్‌ది కూడ మంచిదే, సెల్లు మార్చే బాధ ఉండదు, మాపటికి పెట్టుడు మర్చిపోకుంటే. రెండు చెవులూ మందమైతే, ఒక్క ఖరీదైన దానికన్న రెండు మామూలువి కొనుడే నయమని నా లెక్క. వెనకనుంచి బండి ఏ దిక్కు వస్తున్నదో ఒక్క చెవితోని తెల్వదు.

డబ్బుకు ఇబ్బందైతే దాచిపెట్టకు. 60 దాటిన పేదోళ్లకు వయోశ్రీ పథకం కింద మిషన్ ఉచితంగ ఇస్తరు. 2017 ఏప్రిల్ 1న నెల్లూరుల మొదలువెట్టిన్రు. క్యాంపు ఎప్పుడు పడుతదో కలెక్టరేట్‌ల అడుగు. కండ్లకు 2018ల కంటి వెలుగు అని ఊరూరు తిరిగి అద్దాలిచ్చిన్రు, ముసలోళ్లందరు పెట్టుకొని తిరిగిన్రు, ఎవ్వరు నవ్వలేదు. చెవికి మిషన్ అంటేనే ఎందుకో సిగ్గు.

పెట్టినంక మొదటి వారాలు గిన్నెల చప్పుడు, తన అడుగుల చప్పుడు కూడ చెవుల్ల గుచ్చుతయి. ‘తీసి పారెయ్’ అంటడు. ముందుగాల ఇంట్ల, ఒక్కరితోని, రోజుకు కొద్దిసేపు. తర్వాత పెంచుకుంట పోవాలె. పెండ్లిళ్ల డీజే కాడికి మాత్రం పెట్టుకొని పోనియ్యకు. నువ్వు కూడ వంటింట్లకెల్లి పిలువకు. ఎదురుగ నిలబడి, మెల్లగ, మామూలు గొంతుతోని మాట్లాడు. మిషన్ పెట్టినా సగం మాట పెదవుల మీదనే అందుతది.

ఇంకొక్కటి. ధర ఎంతైందో మీ నాయనకు చెప్పకు. తెలిస్తే కొత్త చీర దాచినట్టు బీరువాల దాస్తడు.

ఇట్లు,
మీ పెద్దనాయన