సెప్టిక్ తొట్టి — దాని పోషణ

మన గ్రామములలో ఇంటింటను మరుగుదొడ్లు వెలయుచుండుట సంతోషకరము. కాని మూతవేసిన పిమ్మట సెప్టిక్ తొట్టిని తలచువారు అరుదు. అందు పడినదంతయు తనంతట తానే హరించిపోవునని పలువురు నమ్ముచున్నారు. ఈ నమ్మకము సరికాదు.

గోబరు గ్యాసు తొట్టి రైతులకు పరిచితమే. అందు గాలి సోకనిచోట సూక్ష్మజీవులు పేడను కుళ్లించునట్లే, ఇందు మలమును కుళ్లించును. బరువైన మడ్డి అడుగునకు దిగును. జిడ్డు తెట్టుగా తేలును. నడిమి నీరు గొట్టము ద్వారా ఇంకుడుగుంతకు పోవును. ఈ నీరు తేటగా కన్పట్టినను రోగక్రిములు కలది. కావున దానిని వీధికాలువలోనికి విడువరాదు. ఇంకుడుగుంత త్రాగునీటి బావికి 15 మీటర్లకు తక్కువ దూరమున ఉండరాదు.

సూక్ష్మజీవులు మడ్డిని తగ్గించునేగాని పూర్తిగా హరింపజాలవు. అది ఏటేట పెరిగి, తుదకు నీటితోకూడ కొట్టుకొనిపోయి ఇంకుడుగుంతను పూడ్చివేయును. అంతట మురుగు ఇంటిలోనికే ఎదురుతన్నును. కావున రెండు మూడేండ్ల కొకసారి మడ్డిని తీయింపవలెను. సందేహమున్నచో, పొడవైన కఱ్ఱకు తెల్లని గుడ్డ చుట్టి, అడుగు తాకునట్లు కొన్ని నిమిషములుంచి తీయుడు. మడ్డి ఎంత ఎత్తున నున్నదో గుడ్డమీది నల్లని మరక తెలుపును. నీటిలోతులో మూడవవంతైనచో జాగు చేయరాదు. ఆమ్లమును, ఫినాయిలును విస్తారముగా పోసినచో సూక్ష్మజీవులు చచ్చి తొట్టి చెడును.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. తొట్టిలో విషవాయువులుండును. హైడ్రోజన్ సల్ఫైడు మొదట కుళ్లిన గ్రుడ్డు వాసన వేసినను, హెచ్చినపుడు వాసన తెలియు శక్తినే పోగొట్టును. లోనికి దిగినవాడు క్షణములలో కూలును. వానిని కాపాడ దిగినవాడును కూలును. మీథేను నిప్పు తగిలినచో మండును. కావున మూత తీసినపుడు దీపము, బీడీ దగ్గరకు రానీయరాదు. లోనికి వంగి చూడరాదు. ఏ కారణముచేతను మనిషిని దింపరాదు. రక్షణసాధనములు లేక దింపుట 2013 నాటి చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము.

గొట్టముతో పీల్చు యంత్రపు బండినే రప్పింపవలెను. ఆ మడ్డిని పచ్చిగా పొలమునను, చెరువునను పోయనీయరాదు. అందలి ఏలికపాముల గ్రుడ్లు పెక్కునెలలు జీవించియుండును. శుద్ధికేంద్రమునకే పంపవలెను.

ఒక్కొక్కరు వేరువేరుగా బండిని పిలిపించుటకంటె, వీధిలోని పదియిండ్లవారు కూడి పిలిపించినచో వ్యయము తగ్గును. సంఘసభ్యులు ఇందుకు పూనుకొనవలెనని కోరుచున్నాము. తొట్టి తీయించిన తేదీని గోడమీద వ్రాసికొనుడు. మన యింటి మడ్డికై మరియొక యింటి దీపము ఆరిపోరాదు.